ఈరన్న మైకులో వినిపించింది

నేను రిటైర్ కావడానికి ముందు సంవత్సరం, శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో, పాలమూరు ప్రాంతం మీద మూడు చిన్న డాక్యుమెంటరీల ఎడిటింగ్ నాకు అప్పగించారు. బల్మూర్ నుంచి వలస పోయే కూలీ కుటుంబాల మీద ఒకటి, గోపాల్‌పేట పల్లికాయ రైతుల మీద ఒకటి, గద్వాల చీర మీద ఒకటి. అప్పటికి నా హోదా సీనియర్ ఎడిటర్. హోదా పెరిగింది గాని గది మారలేదు. కిటికీ లేని ఆ గదిలో రెండు తెరలు, ఒక జత హెడ్‌ఫోన్లు, నా నడుముకు అలవాటైన కుర్చీ ఉండేవి. ఏసీ ఉండేది, అది యంత్రాల కోసం, మనుషుల కోసం కాదు. నడి వేసవిలో కూడా నేను శాలువా కప్పుకునే పని చేసేదాన్ని.

పెద్ద సినిమాల సంగతి వేరు. మా యూనిట్ అంటే నలుగురం. దర్శకుడు, కెమెరామన్, సౌండ్ రికార్డిస్టు ఊళ్లకు పోయి చిత్రీకరించుకొస్తారు. వాళ్లు తెచ్చిన ముడిసరుకంతటినీ రషెస్ అంటాం. దాన్ని మొదటినుంచి చివరిదాకా చూసి, విని, అందులోంచి అరగంట చిత్రాన్ని తీయడం ఎడిటర్ పని. ఎడిటర్‌కు ఊరితో పనిలేదు. అందుకని ఉద్యోగమంతా నేను మనుషుల్ని తెర మీదే చూశాను. ఫలానా రైతు అబద్ధం చెప్పే ముందు ముక్కు రుద్దుకుంటాడని నాకు తెలుసు. నేనొకదాన్ని ఉన్నానని ఆ రైతుకు తెలియదు. తలచుకుంటే ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఏడుపొచ్చేది. మా ఆయన పోయాక ఇంట్లో కూడా మాట్లాడే మనిషి లేకుండా పోయింది. నెలల తరబడి నా చెవిన పడ్డ గొంతులన్నీ హెడ్‌ఫోన్లలోంచి వచ్చినవే.

గద్వాల చిత్రానికి దర్శకుడు రాఘవ. మంచివాడే, కాస్త తొందర మనిషి. అతను ఎంచుకున్నది ఈరన్న, జమ్ములమ్మ అనే భార్యాభర్తల్ని. ఇద్దరికీ అరవై దగ్గర పడి ఉంటుంది. వాళ్ల ఇంట్లో ముందు గదిలో సగం గుంట మగ్గమే, గుంటలో కాళ్లు పెట్టి నేసేది.

చీర తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు గాని, తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ కుట్టి కలపరు. నేస్తూనే దారంలో దారం మెలేసి కలుపుతారు, దాన్ని కుప్పడం అంటారు. అందుకు అడ్డదారం వేసే నాడెలు మూడు కావాలి, ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. ఒక్కరి చేతుల్తో అయ్యే పని కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒకరు వేసిన నాడెను ఇంకొకరు అందుకోవాలి. ఏ ఒక్కరు లేచినా మగ్గం ఆగుతుంది.

రాఘవ వ్యాఖ్యానం ముందే రాసిపెట్టుకున్నాడు. 'మాటల అవసరం లేకుండానే ఒకరి మనసు ఒకరికి తెలిసిన దంపతులు' అని అందులో ఒక వాక్యం ఉంది. రషెస్ చూస్తూ ఆ వాక్యం దగ్గర నేను ఆగాను. మాటలు లేకపోవడం నిజమే. అన్ని గంటల చిత్రంలో ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట ఆడలేదు. రాఘవ ఏమడిగినా ఇద్దరూ రాఘవకే జవాబు చెప్పారు. ఈరన్నకు దాహమైతే చెంబు వైపు చూస్తాడు. జమ్ములమ్మ తెచ్చి పక్కన పెడుతుంది, చేతికివ్వదు. ఇది మనసులు తెలిసిన మౌనం కాదు, మాటలు పోయిన మౌనం. నాలాంటిదానికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

మా సౌండ్ రికార్డిస్టు ఖాదర్ చాలా జాగ్రత్త గల మనిషి. ఇద్దరికీ చెరొక చిన్న మైకు బట్టలకు తగిలించాడు. వైర్లుండవు కాబట్టి పెట్టుకున్నవాళ్లు కాసేపటికి వాటిని మరిచేపోతారు. ఒక్కో మైకులో పడ్డ శబ్దం ఒక్కో ట్రాక్‌గా, అంటే విడి వరుసగా, నాకు వస్తుంది. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ఖాదర్ తన హెడ్‌ఫోన్లు తీసేసి పక్కకు పోతాడు గాని రికార్డర్ ఆపడు. కెమెరామన్లు కూడా ఈ మధ్య ఆపడం మానేశారు. రీళ్ల కాలంలో అడుగడుక్కీ ప్రాణం విలవిల్లాడేది, ఇప్పుడు కార్డులొచ్చాక చేతికి అడ్డే లేదు. ఆ చెత్తంతా ఎవరు చూడాలి? నేనే చూడాలి.

అట్లా ఒక మధ్యాహ్నం విరామంలోని ముక్క చూస్తున్నాను. కెమెరా వెనక నుంచి పెట్టి ఉంది. మగ్గం ముందు జమ్ములమ్మ వీపు, ఆమె పక్కన ఈరన్న లేచిపోయిన ఖాళీ చోటు, దాని మీద పైకప్పు సందులోంచి పడుతున్న ఎండ. రాఘవకు ఆ షాట్ అంటే ప్రాణం. వెనక నుంచి తీశారు కాబట్టి ఆమె పెదవులు కదలడం కనబడదు. అతను బొమ్మే చూసుకున్నాడు, శబ్దం వినలేదు. నేను విన్నాను.

ఆమె ఆ ఖాళీ చోటుతో మాట్లాడుతోంది.

"ఏమయ్యా, పొద్దుగాల రొట్టె సగం ఇడిసిపెట్టినవ్. పండ్లు నొస్తున్నయా? చెప్పకుంటె నాకెట్ల తెలుస్తది? నా మోకాలు గూడ గట్లనే ఉన్నది, గుంటల నుంచి లేస్తుంటె కటకటమంటది. దవాఖానకు పోదమంటె తోడెవరు?" కాసేపు ఆగి మళ్లీ అంది, "వచ్చే చీరకు అంచు ఎర్రది పెట్టుమన్నడు సావుకారి. నాకైతె మామిడిపచ్చ మంచిగుంటదనిపిస్తది. నువ్వేమంటవ్?"

జవాబు వచ్చేంతసేపు ఆగింది. తర్వాత, "సరే తియ్, ఎర్రదే కానీ" అని తనే తేల్చేసింది.

ఈరన్న లేచిపోయిన ప్రతి విరామంలోనూ ఇదే వరస. కూర, మోకాలు, పక్కింటి గొడవ, దారం రంగు. మా యూనిట్‌లో ఒక కట్టుబాటు ఉంది. మనిషి మరిచిపోయిన మైకులో పడ్డ మాట ఆ మనిషిదే. అడిగి వాడుకోవాలి, లేదా తుడిచెయ్యాలి. నేను తుడిచేద్దామనే అనుకున్నాను. తుడిచే ముందు ఈరన్న ట్రాక్ ఖాళీగానే ఉందో లేదో చూద్దామని దాన్ని తెరిచాను.

విరామం రాగానే చాయ్ తాగొస్తానని ఈరన్న రాఘవకు చెప్పి వెళ్లేవాడు. చాయ్ హోటల్ బజారు చివర ఉంది. అంత దూరానికి ఆ మైకు అందదు, కాసేపు గరగరమని తెగిపోవాలి. తెగలేదు. వీధిలో పోతున్న మోటారుసైకిల్, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు, చాలా దగ్గరగా ఒక మనిషి శ్వాస, మధ్యమధ్య దగ్గు. గోడ అవతల నుంచి వస్తున్నట్టు మసకగా జమ్ములమ్మ గొంతు. ఆయన చాయ్‌కి పోలేదు. బయట గోడకానుకుని అరుగు మీద కూర్చున్నాడు. ప్రతి విరామంలోనూ అక్కడే.

ఆమె 'నువ్వేమంటవ్' అని ఆగిన చోట ఆయన ట్రాక్‌లో ఒక మాట ఉంది. గాలి వదిలినంత మెల్లగా, "పచ్చదే పెట్టరాదే" అన్నాడు.

నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. ఆ రెండు గొంతుల్నీ ఒకేసారి విన్న మనిషిని ప్రపంచంలో నేనొక్కదాన్నే. ఎవరితో చెప్పను? రాఘవతో చెబితే చిత్రానికి గుండెకాయ దొరికిందని ఎగిరి గంతేసేవాడు, ఆ ఇద్దరి కాపురం వీధిన పడేది. అతనికి చెప్పలేదు.

మా యూనిట్‌కు ఇంకో ఆనవాయితీ ఉంది. చిత్రం ఖరారు కాకముందు అందులోని మనుషులకు మొదట చూపించాలి, వాళ్లు వద్దన్నది తీసెయ్యాలి. మామూలుగా దానికి దర్శకుడు పోతాడు. అప్పుడు రాఘవ బల్మూర్‌లో ఉన్నాడు. గద్వాలకు నేను పోతానంటే ఆఫీసులో అందరూ విడ్డూరంగా చూశారు. ప్రొజెక్టర్ పట్టుకుని ఖాదర్ తోడొచ్చాడు.

గుమ్మంలో జమ్ములమ్మ కనబడింది. రెండు నెలలుగా రోజూ చూస్తున్న మనిషి, సొంత అక్కను చూసినట్టయింది. నోరు ఆగక, "మోకాలెట్లా ఉందమ్మా?" అనేశాను. ఆమె ఎగాదిగా చూసింది.

"నువ్వెవరమ్మా? గా దినం రాలేదు గద. నా మోకాలి ముచ్చట నీకెట్ల తెల్సు?"

సిగ్గేసింది. నేనెవరో చెప్పుకున్నాను. ఆమెను వెనక గదిలోకి తీసుకుపోయి, ఈ మాటలు మైకులో పడ్డాయని, మా కట్టుబాటు ఇదని చెప్పి హెడ్‌ఫోన్లు పెట్టాను. మొదట పకపకా నవ్వింది. "ఓయమ్మ, గిది గూడ పట్టిందా మీ మిషను!" అంది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "సినిమాల ఆయన ఇంటడా?" అని అడిగింది.

మీరు సరేనంటేనే అన్నాను.

"తీసెయ్యమ్మా, నీకు దండం పెడత. నలుగురి ముంగట ఒక్కసారి నోరు జారినందుకే గింత అయ్యింది. మల్ల నలుగురి ముంగట నా మాటనా?"

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఏళ్ల కిందట ఒక చీరలో జానెడు మేర కుప్పడం విడిపోయిందట. సావుకారి, అంటే నూలిచ్చి నేయించుకునే ఆసామి, నలుగురు నేతగాళ్లు కూర్చున్న చోట చీర విప్పి ఇదెవరి చేతిలో పోయిందని అడిగాడట. ఈమె ఆలోచించకుండా "ఆయన దిక్కు అంచే" అందట. నేతగాడికి అంతకన్నా తలవంపు లేదు. ఆ రోజు ఇంటికొచ్చి మగ్గం మీద కూర్చున్న ఈరన్న మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. మగ్గం మాత్రం ఆగలేదు, ఒక్కరితో నడవదు కదా. "నాడె నా చేతికి సక్కగ ఇస్తడు. ఒక్కనాడు గూడ ఇసిరి కొట్టలే. గంతే, గదే మాట అనుకుంట" అంది.

హెడ్‌ఫోన్లు నా చేతికిస్తూ, ఎటో చూస్తూ అడిగింది. "నేను మాట్లాడినప్పుడు ఆయన యాడున్నడు? మైకు ఆయనకు గూడ పెట్టిర్రు గద."

ఆ గొంతు నాకు కొత్తది కాదు. అందులో ఉన్నది భయం కాదు, ఆశ. చెప్పెయ్యాలనిపించింది. కాని ఆయన మైకు ఆయనది, ముందు ఆయన్నే అడగాలి. ఆ మాటే చెప్పాను. "చాయ్ కాడనే ఉంటడు తియ్" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఈరన్న ఎక్కడున్నాడో వెతకనక్కర్లేకపోయింది. అరుగు మీదే ఉన్నాడు. ఆ చోటు నేను చూడకపోయినా నాకు చెవులతో తెలుసు. పక్కన కూర్చుని హెడ్‌ఫోన్లిచ్చాను. తన శ్వాస తనే విన్నాడు, తన మాట తనే విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"గిది ఎవరెవరు ఇన్నరు?"

"నేనొక్కదాన్నే."

"ఆమె?"

"లేదు."

"చెప్పకమ్మా. నేను ఇంటున్ననని తెలిస్తె మాట్లాడుడు బంద్ చేస్తది. మల్ల నేనేం ఇనాలె?"

నాకు ఒళ్లు మండింది. పెద్దాయన అని కూడా చూడకుండా గట్టిగానే అన్నాను. ఇంత చెవినిచ్చి వినేవాడివి ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది, ఆమె రోజూ గోడకు చెప్పుకోవాలా అని. ఆయనకు కోపం రాలేదు.

"మొదలు కోపముండె. అది పొయ్యి శాన దినాలాయె. ఇప్పుడు ఏం మాటతోని షురువు చెయ్యాలె? గిన్నేండ్లు ఊకున్నంక ఏ మాటన్నా శిన్నగనే అయితది. గదే పరేషాన్" అన్నాడు.

నా పనిలోకి వచ్చాను. మీ ఇద్దరి మాటలూ తీసేస్తానని చెప్పాను. అయితే ఒక చిక్కు ఉంది. జమ్ములమ్మ ఒక్కతే మగ్గం దగ్గర కూర్చున్న షాట్ చిత్రంలో ఉంటుంది. దాని కింద ఏదో ఒక శబ్దం ఉండాలి. పూర్తిగా ఖాళీ వదిలితే చూసేవాళ్లు యంత్రం పాడైందనుకుంటారు. ఎడిటర్లు ఇట్లాంటి చోట్ల ఆ స్థలంలో మామూలుగా ఉండే చప్పుడు పరుస్తారు. ఆమె ట్రాక్ నిండా మాటలే ఉన్నాయి, అది పనికిరాదు. ఇంకెక్కడిదైనా అరువు తెచ్చి వెయ్యాలి, లేదా మీ ట్రాక్ వెయ్యాలి.

"నా దాంట్ల ఏమేమున్నది?"

వీధి చప్పుడు, మీ దగ్గు, గోడ అవతల ఆమె గొంతు, మాటలు తెలియవు, చివర మీరన్న మాట ఒకటి అని చెప్పాను.

వీధిలో ఎవరో పలకరిస్తే ఆయన తలూపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నా మాట తీసెయ్. దగ్గు ఉండనీ."

ఆమె గుర్తుపడుతుందని అర్థమయ్యే అంటున్నాడా అని ముఖంలోకి చూశాను. అర్థమయ్యే అన్నాడు.

అక్కడే అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆమె గొంతు లేని ముక్కలు ఏరి శబ్దం మార్చాను. పొద్దు వాలగానే ఆ ఇంటి ముందు గదిలో, మగ్గం వెనక తెల్లగోడ మీద చిత్రం వేశాం. వీధిలో వాళ్లంతా వచ్చారు. తెలిసిన ముఖం కనబడ్డప్పుడల్లా కేకలు, నవ్వులు. రాఘవ వ్యాఖ్యానంలోని ఆ వాక్యాన్ని నేను ముందే కోసేశాను. జమ్ములమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఈరన్న గుమ్మం పక్కన నిలబడ్డాడు.

ఆ షాట్ వచ్చింది. ఆమె వీపు, ఖాళీ చోటు, ఎండ. మోటారుసైకిల్ పోయింది, గిన్నెల చప్పుడు వచ్చింది. గదిలోకి బయటి నుంచి వినబడినట్టు కాదు, బయట ఉన్న మనిషి చెవికి వినబడినట్టు. తర్వాత, దగ్గరగా, దగ్గు.

"ఈరన్నా, సినిమా నడుస్తుంటె జర దగ్గు ఆపరాదే" అని ఒకామె అంది. అందరూ నవ్వి గుమ్మం వైపు తిరిగారు. ఆయన నోరు మూసుకుని ఉన్నాడు. జమ్ములమ్మ నవ్వలేదు, ఆయన వైపు తిరగలేదు. అరుగున్న వైపు గోడను చూసింది. ఆ గోడనే చూస్తూ ఉండిపోయింది. చిత్రంలో మగ్గం మళ్లీ మొదలైనా ఆమె తల తిప్పలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కోవడం మాత్రం చూశాను. చిత్రం అయ్యాక ఎట్లా ఉందని అడిగితే, మంచిగుందమ్మా అని చాపలు మడతపెట్టడంలో పడింది.

ఆ రాత్రి లాడ్జిలో నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆమెకు తెలిసిందా? తెలిస్తే ఈరన్న భయపడ్డట్టే మాటలు ఆగిపోతాయా? ఉన్న ఆ కాస్తా పోగొట్టి పోతున్నానా?

పొద్దున తీగలు చుట్టుకోవడానికి ఖాదర్‌తో కలిసి మళ్లీ వాళ్లింటికి పోయాను. ఇద్దరూ మగ్గం మీదే ఉన్నారు. నాడెలు చేతులు మారుతున్నాయి, మాట లేదు. కాసేపటికి ఈరన్న లేచాడు. చాయ్ తాగొస్తానని ఖాదర్‌తో చెప్పి బయటికి పోయాడు. చెప్పుల చప్పుడు ఎంతో దూరం పోలేదు. ఖాదర్‌కు అది పట్టలేదు, నాకు పట్టింది.

జమ్ములమ్మ మాట్లాడలేదు. దారం తెగిన చోట ముడివేసింది. ఇంకో చోట ఏమీ లేకపోయినా తడిమి చూసింది. నేను తీగ చుట్టడం ఆపేశాను. అప్పుడు ఆమె గొంతు సవరించుకుని, ఖాళీ చోటు వైపు కాకుండా గోడ వైపు తిరిగి, ఎప్పటికన్నా గట్టిగా అంది.

"అంచు ఏ రంగు పెడదం? సావుకారి మల్ల ఎర్రదే అంటుండు. నాకైతె పచ్చది మంచిగుంటదనిపిస్తది. నువ్వేమంటవ్?"

ఆగింది. రికార్డింగుల్లో ఆగిన దానికన్నా ఎక్కువసేపు ఆగింది. ఖాదర్ ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపాను.

బయట ఈరన్న దగ్గాడు.

"సరే, పచ్చదే" అంది జమ్ములమ్మ, నాడె చేతిలోకి తీసుకుంటూ.

హైదరాబాదుకు తిరిగొచ్చాక మిగతా ట్రాకులన్నీ మాటిచ్చినట్టే తుడిచేశాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి తాళం తీసి, మజ్జిగన్నం తింటూ, ఉప్పు ఎక్కువైందని పైకే అన్నాను. మా ఇంటి గోడ అవతల ఎవరూ లేరు. ఆ సంగతి నాకు అంతకుముందూ తెలుసు, ఆ రోజు బాగా తెలిసింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది వృత్తికి సంబంధించినదే. ఒకే సమయంలో రెండు మైకులు నడిచినప్పుడు స్పష్టంగా ఉన్న ట్రాక్‌ను ఉంచుకుని మసకగా ఉన్నదాన్ని వినకుండానే పారేయడం ఎడిటర్ల అలవాటు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను, అది తప్పని ఎవరూ అనరు. స్పష్టమైన ట్రాక్‌లో ఎవరు మాట్లాడారో తెలుస్తుంది. ఎవరు విన్నారో తెలియాలంటే రెండోది వినాలి. అక్కణ్నుంచి రిటైరయ్యేదాకా, రెండో ట్రాక్ చివరిదాకా వినకుండా నేను దేన్నీ తుడవలేదు.